చేదు ఎక్కని కొండ

క్రాఫ్ట్ బీరు దొరికే చోట కూర్చుని ‘చేదు లేనిదేదైనా ఉందా?’ అని అడిగితే, అడిగినవాడికి రుచి తెలియదన్నట్టు చూడడం మన నగరాల్లోనూ అలవాటైంది. హాప్స్ చేదును ఇష్టపడడమంటే బీరు బడిలో పై తరగతికి వెళ్లడమట. గోధుమ బీరు దగ్గర ఆగినవాడు ఇంకా పలకాబలపం దగ్గరే ఉన్నట్టట. బీరు పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే ఈ లెక్క తప్పని తేలుతుంది. ధాన్యాన్ని పులియబెట్టి తాగడం మనిషికి కనీసం 5,000 ఏళ్ల అలవాటు. అందులో చాలా భాగం హాప్స్ ఊసే లేకుండా గడిచింది. చేదు బీరులోకి వచ్చింది ముందుగా నిల్వ కోసం, దూరం పంపడం కోసం. దాన్ని రుచిగా మెచ్చుకోవడం ఆ తర్వాతి సంగతి. కాచినచోటే, కాచిన రెండు మూడు రోజుల్లోనే తాగేసేవాళ్లకు ఆ చేదుతో పని పడలేదు. ఇందుకు సాక్ష్యం కోసం జర్మనీ వెళ్లనక్కర్లేదు. అరకు లోయ నుంచి కోరాపుట్, బస్తర్ దాకా పరుచుకున్న కొండల్లో జీలుగు చెట్టు కిందా, గదబ, కోందు, పోర్జ గిరిజనుల ఇళ్లలోని మట్టికుండలోనూ అది ఉంది.

ముందు హాప్స్ సంగతి చూద్దాం. ఇది చల్లని దేశాల్లో పందిరికి అల్లుకునే తీగ. దాని ఆడపూల గుత్తుల్లో పసుపుపచ్చని జిగురుపొడి ఉంటుంది. చేదూ వాసనా అందులోవే. బీరులో హాప్స్ వాడకానికి దొరికే తొలి రాతల్లో ఒకటి క్రీ.శ. 822 నాటిది, ఫ్రాన్సులోని కోర్బీ మఠాధిపతి అడల్హార్డ్ రాసిన కట్టుబాట్లలోది. 12వ శతాబ్దంలో జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్, పానీయాలు చెడిపోకుండా హాప్స్ కాపాడతాయని రాసింది. ఆమె చెప్పిన గుణం నిల్వే. అప్పటిదాకా యూరప్ బీరుకు ఘాటునిచ్చింది ‘గ్రూట్’ అనే మూలికల మిశ్రమం. ఇంగ్లండులోనైతే హాప్స్ లేనిది ఏల్, ఉన్నది బీరు. 15వ శతాబ్దంలో సముద్రం దాటి వచ్చిన బీరును చాలాకాలం పరాయి సరుకుగానే చూశారు. ఇంగ్లీషువాడికి సహజమైనది ఏల్ అనీ, బీరు డచ్చివాళ్ల పానీయమనీ 1542లో ఆండ్రూ బూర్డ్ అనే వైద్యుడు రాశాడు. 1516లో బవేరియా రాజశాసనం బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప బీరులో మరేదీ ఉండకూడదన్నాక అక్కడ హాప్స్‌కు అడ్డు లేకుండా పోయింది. ఇవాళ సనాతనంగా కనిపిస్తున్న చేదు, ఇలా రాజాజ్ఞలూ వ్యాపారమూ కలిసి నిలబెట్టినది.

ఆ చేదును పరాకాష్ఠకు తీసుకెళ్లిన బీరుకు మన దేశం పేరే ఉండడం ఒక తమాషా. ఇండియా పేల్ ఏల్, అంటే ఐపీఏ, ఇక్కడి దొరల కోసం ఓడల్లో వచ్చిన సరుకు. 18వ శతాబ్దం చివర్లో లండన్‌లోని బో బీరుబట్టీ యజమాని హాడ్జ్‌సన్, 1820ల నుంచి బర్టన్ పట్టణపు ఆల్సాప్ వంటివారు దీన్ని పంపారు. ఆఫ్రికా కొసను చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నెలల తరబడి ఓడ కడుపులో ఊగుతూ రావాలి కాబట్టి పీపాల్లో హాప్స్ బాగా దట్టించేవారు. మన అమ్మమ్మలు ఊరగాయలో ఉప్పూ నూనే పైకి తేలేలా వేసేది ఎందుకో, ఇదీ అందుకే. హాప్స్ ఆమ్లాలు లాక్టిక్ బాక్టీరియాను, అంటే పెరుగునూ తరవాణినీ పులియబెట్టే జాతిని, అణచివేస్తాయి. అంటే కుండలో చేదూ పులుపూ సవతుల్లాంటివి. హాప్స్ పడితే ఈ బాక్టీరియా పెరగదు, పులుపు రాదు. అందుకే ఇప్పటికీ పుల్ల బీరు కాచేవాళ్లలో చాలామంది ముందు పులియబెట్టి, ఆ తర్వాతే నామమాత్రంగా హాప్స్ వేస్తారు. ఈ సంగతి గుర్తుంటే కొండల కుండలో చేదు ఎందుకు లేదో సులువుగా అర్థమవుతుంది.

తూర్పు కనుమల్లో తాగేవాటిలో పెద్దపీట జీలుగు కల్లుది. కోరాపుట్ వైపు ఈ చెట్టును సలప అంటారు. చేప తోకలాంటి ఆకులతో అడవి అంచున ఒంటరిగా నిలబడే ఈ చెట్టు తాడికీ ఈతకూ దాయాది. దాని బతుకు మాత్రం వేరు. ఏళ్ల తరబడి పూయకుండా ఎదిగి, చివరికి తల దగ్గర తొలి గెల వేస్తుంది. అక్కడి నుంచి ఏటా ఒక్కో మెట్టు కిందికి గెలలు వేస్తూ వచ్చి, ఆఖరి గెలతో ఎండిపోతుంది. గీసేవాడు కణుపుల దగ్గర కొమ్మల మొదళ్లు వదిలేసిన వెదురుబొంగును చెట్టుకు కట్టి, ఆ మొదళ్లే మెట్లుగా ఎక్కుతాడు. విచ్చుకోని గెలను మెత్తబరిచి, కొస కోసి, కింద కుండ కడతాడు. పొద్దునా సాయంత్రం కొసను పలచగా చెక్కుతూ ఉంటేనే ధార ఆగదు. దించిన గడియకు అది తీపి నీరా. గాలిలోని ఈస్టు చేరి కొద్ది గంటల్లో నురగ కడుతుంది, సాయంత్రానికి పులుపూ మత్తూ ఎక్కుతాయి. ఒకటి రెండు రోజులు దాటితే అది వినిగరు దారి పడుతుంది. ఆనపబుర్రతో వంచి అడ్డాకు డొప్పలో పోసుకునే ఈ పానీయంలో నిల్వకోసం వేసేది ఏదీ ఉండదు. చెట్టు దగ్గరే పుట్టి, ఊళ్లోనే అయిపోయేదానికి సముద్రయానపు రక్షణ ఎందుకు?

కల్లు చెట్టు రసం, బీరు ధాన్యపు పానీయం, రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయమా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అందుకే అసలు పోలిక కోసం కోరాపుట్, బస్తర్ ప్రాంతాల్లోని ‘లాండా’ అనే పానీయం దగ్గరికి వెళ్లాలి. బియ్యప్పిండిని ఆవిరిమీద ఉడికించి, చోళ్లో మొక్కజొన్నలో మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన పిండి కలిపి, నీళ్లు పోసి కుండలో కొన్ని రోజులు ఉంచుతారు. మొలకెత్తిన గింజలోని ఎంజైములు బియ్యంలోని గంజిని చక్కెరగా విరగ్గొడతాయి. ఆ చక్కెరను ఈస్టు మత్తుగా మారుస్తుంది. బార్లీని మొలకెత్తించి ‘మాల్ట్’ చేయడమనే బీరుబట్టీ విద్య సరిగ్గా ఇదే. కనుక కాచే విధానం చూస్తే లాండా బీరే. కాకపోతే వడగట్టని బీరు. తెల్లగా, చిక్కగా, అంబలికి అన్నలా ఉండి, పొలం పనికి వెళ్లేవాడికి సగం ఆకలి తీర్చేది. దాని రుచికి తూకం వేసేది పులుపు. ఉత్తరాంధ్రలో తరవాణి తాగి పెరిగిన నాలుకకు ఆ పులుపు కొత్త కాదు. అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణం చెప్పే ‘మేదకం’ కూడా నీళ్లు, బియ్యం, ‘కిణ్వం’ అనే పులిమందు కలిపి చేసేదే. ఈ నేలమీద బీరుకు ఇంత పాత వంశవృక్షం ఉండగా హాప్స్ దాని కొమ్మల్లో ఎక్కడా కనిపించదు.

మూలికల మాటేమిటి అన్నది రెండో అభ్యంతరం. ఒడిశా, జార్ఖండ్ గిరిజనులు చేసే హాండియాలో ‘రాను’ అనే బిళ్లలు వేస్తారు. వాటిలో ఎన్నో రకాల వేర్లు, ఆకులు ఉంటాయి, కొన్ని చేదువి కూడా. అంటే చేదు లేదనడం తప్పే కదా? ఇది కొట్టిపారేయగల వాదన కాదు. అయితే ఆ బిళ్లలు అన్నానికి ఈస్టునూ బూజునూ అంటించే తోడు లాంటివి. పాలలో తోడుచుక్కలా కొద్దిగానే పడతాయి. పానీయంలో పైకి తేలేది అన్నపు తీపీ పులుపే. హాప్స్‌ను మరిగించి చేదును పిండుకోవడం వేరు. ఇక చేదు లేకపోతే మాల్ట్ తీపి వెగటు పుట్టిస్తుందన్నది బీరుబట్టీవాళ్ల మాట. తీపికి అడ్డం పడేది ఏదో ఒకటి కావాలన్నంతవరకు అది నిజం. అది చేదే కానక్కర్లేదు. పులుపు ఆ పని చేస్తుందని లాండాయే చెబుతోంది. బెల్జియంలోని లాంబిక్ బీరు ఇంకా విచిత్రం. అందులో హాప్స్ వేస్తారు, కానీ ఏళ్ల తరబడి పాతబడనిచ్చి చేదు చచ్చినవాటినే ఏరి వేస్తారు. నిల్వగుణం కావాలి, చేదు వద్దు అని హాప్స్ పుట్టింటివాళ్లే చెప్పినట్టయింది.

కొండవాళ్ల పానీయం ఇన్నాళ్లూ చిన్నచూపుకు గురికావడానికి రుచి కారణం కాదు, రాబడి కారణం. అరకుకు నైరుతిగా ఇదే కనుమల్లో ఉన్న రంప ప్రాంతంలో జమీందారులాంటి మున్సబుదారు కల్లుచెట్లమీద ‘చిగురు పన్ను’ వసూలు చేసేవాడు. ఆపైన మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్నే నిషేధించి, హక్కును మైదానపు గుత్తేదార్లకు కట్టబెట్టింది. 1879 మార్చిలో మొదలైన రంప తిరుగుబాటుకు ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. అల్లూరి సీతారామరాజు 1922లో అదే మన్యంలో లేవడానికి నాలుగు దశాబ్దాల ముందటి మాట ఇది. ఒకవైపు దొరల కోసం చేదు బీరు పీపాలు రేవుల్లో దిగుతుంటే, మరోవైపు కొండవాడు తన పెరటి చెట్టు రసం తాను తాగితే నేరమైంది. ‘నాగరికమైన’ పానీయమేది, ‘మోటు’ పానీయమేది అన్న విభజన చాలావరకు అలాంటి పన్నుల పుస్తకాల్లో పుట్టింది. దాన్నే ఇవాళ రుచిజ్ఞానంగా భావించి తలకెత్తుకోవడం సబబు కాదు.

‘చేదు అలవాటు చేసుకుంటే నచ్చుతుంది’ అన్నది చివరి అభ్యంతరం. కొందరికి నిజంగానే నచ్చుతుంది. కానీ మనిషి నాలుకమీద చేదును పట్టే గ్రాహకాలు దాదాపు 25 రకాలున్నాయి, వాటి చురుకు మనిషి మనిషికీ మారుతుంది. హాప్స్ చేదుకు స్పందించే గ్రాహకాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు కూడా. ఒకరికి హాయిగా తగిలేది మరొకరికి మందులా తగలడం పుట్టుకతో వచ్చిన తేడా. అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. పైగా తెలుగువాడు చేదు తెలియనివాడా? కాకరకాయను చింతపండూ బెల్లమూ వేసి పులుసు పెట్టి లొంగదీస్తాడు. ఉగాది పచ్చడిలో వేపపువ్వును మిగిలిన అయిదు రుచుల మధ్య చిటికెడుగానే ఉంచుతాడు. చేదుకు స్థానముంది కానీ పెత్తనం లేదన్నది మన వంటింటి సూత్రం. అరకు గిరిజన రైతులు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీని కూడా మనలో ఎక్కువమంది పాలూ పంచదారా కలిపే తాగుతున్నాం.

ఈ సూత్రంతో వెళ్తే చేదు గిట్టనివారికి క్రాఫ్ట్ బీరులో దారులు చాలా ఉన్నాయి. బీరు చేదును ‘ఐబీయూ’ అనే అంకెతో కొలుస్తారు. ఒక ఐబీయూ అంటే స్థూలంగా లీటరుకు ఒక మిల్లీగ్రాము హాప్స్ చేదు పదార్థం. అమెరికన్ ఐపీఏలో ఇది 40 నుంచి 70 దాకా ఉంటుంది. జర్మన్ గోధుమ బీరు హెఫెవైజన్‌లో 8 నుంచి 15 మాత్రమే. అందులోని అరటిపండు, లవంగం వాసనలు ఈస్టు పుట్టించినవే, ఎవరూ కలిపినవి కావు. ధనియాలు, నారింజ తొక్క వేసే బెల్జియన్ విట్‌బీరులో 8 నుంచి 20. అంతరించిపోయిన ఈ రకాన్ని 1960లలో హూగార్డెన్ ఊళ్లో పియెర్ సెలిస్ అనే ఆయన మళ్లీ బతికించాడు. ఉప్పూ ధనియాలూ పడే పుల్లని గోజెలో 5 నుంచి 12, బెర్లిన్ పుల్ల బీరులో అంతకంటే తక్కువ. కల్లు ఇష్టపడే నాలుకకు మొదట తగలవలసినవి ఈ రెండే. మజ్జిగకు ఉప్పేసుకునేవాళ్లకు వేరే పరిచయం అక్కర్లేదు. నల్లగా ఉంటే చేదని భయపడి స్టౌట్‌ను పక్కన పెట్టకండి. తీపి స్టౌట్‌లో ముందు తెలిసేది వేయించిన గింజల కాఫీ చేదు, అదీ పాలచక్కెర చాటునే.

ఇది మద్యానికి భజన కాదు. కొండల్లోనూ మైదానంలోనూ సంసారాలు కూల్చింది సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది దానిమీదే. తూకం తప్పితే కల్లుకైనా బీరుకైనా అదే మాట. మత్తుపదార్థాలను అదుపు చేసే అధికారాన్ని 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకూ పంచాయతీలకూ ఇచ్చింది. ఎంత తాగాలో, ఏది అమ్మాలో తేల్చుకోవలసింది వాళ్లే. మన నగరాల్లో బీరు కాచేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి. తెలుగు నేలకు తనదంటూ ఒక బీరు కావాలనుకుంటే, విమానంలో హాప్స్ తెప్పించి చేదులో పోటీపడనక్కర్లేదు. మన్యపు రైతు దగ్గర సరైన ధరకు చోళ్లు, సామలు కొని, మొలకెత్తించి, పులియనివ్వండి. ఆ విద్య ఎవరిదో మెనూలో పేరుపెట్టి రాయండి. తాగేవారు మెనూలో ఐబీయూ అంకె 20 లోపు చూసుకుని నిస్సంకోచంగా అడగండి. హాప్స్ తీగ బాగా పూయాలంటే వేసవిలో బాగా పొడవైన పగళ్లు కావాలి. అరకులో ఏడాదికల్లా పెద్ద పగలు 13 గంటల పైచిలుకే. అక్కడ ఏపుగా పెరిగేది జీలుగే.