దూరాన్ని దాచడం: నెట్‌వర్క్ ఫైలు వ్యవస్థల తొలి దశాబ్దం

ఒక కంప్యూటర్‌లోని ఫైలు మరొక కంప్యూటర్‌లో కావాలంటే, 1980ల ఆరంభంలో సాధారణ మార్గం నకలు తీసి పంపడమే. నకలు తీసిన మరుక్షణం నుంచి ఫైళ్ళు రెండు; ఒకదానిలో చేసిన సవరణ రెండవదానికి తెలియదు. ఒకే రోగికి రెండు కేసు షీట్లు ఉంటే ఏమవుతుందో వైద్యులకు వేరే చెప్పనక్కరలేదు.

దీనికి తొలి సమాధానాలలో ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చింది. 1982లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రౌన్‌బ్రిడ్జ్, మార్షల్, రాండెల్ అనేక యూనిక్స్ యంత్రాలను ఒకే డైరెక్టరీ వృక్షపు కొమ్మలుగా చూపారు. ప్రోగ్రాము ఎప్పటిలాగే ఫైలును తెరుస్తుంది. అది ఏ యంత్రంలో ఉన్నదో దానికి తెలియనక్కరలేదు.

ఈ ఊహను విస్తృత వాడుకలోకి తెచ్చినది సన్ మైక్రోసిస్టమ్స్. 1985లో రసెల్ శాండ్‌బర్గ్, ఆయన సహచరులు నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని యూసెనిక్స్ సమావేశంలో వివరించారు. ఇందులో సర్వర్‌కు మతిమరుపే బలం. ఎవరు ఏ ఫైలు తెరిచారో అది గుర్తుంచుకోదు. ప్రతి అభ్యర్థనా కావలసిన వివరాలన్నీ తనతోనే తెచ్చుకుంటుంది. కనుక సర్వర్ కూలి లేచినా, అదే అభ్యర్థనను మళ్ళీ పంపితే చాలు. అయితే అది లేచేవరకూ ప్రోగ్రాము స్తంభించిపోవచ్చు. దాచిన దూరం అప్పుడు బయటపడుతుంది.

పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఐబీఎం కలిసి చేపట్టిన ఆండ్రూ ప్రాజెక్టు మరో దారి పట్టింది. ఫైలు మొత్తాన్నీ వాడుకరి డిస్కు మీదికి తెచ్చి ఉంచేవారు. తొలి నమూనాలో, తెరిచిన ప్రతిసారీ నకలు తాజాదేనా అని సర్వర్‌ను అడిగేవారు. ఆ విచారణలే దానికి మోయలేని భారమయ్యాయి. తరువాతి రూపంలో బాధ్యత తారుమారైంది: ఫైలు మారితే తానే కబురు పంపుతానని సర్వర్ మాట ఇస్తుంది. హోవర్డ్, సత్యనారాయణన్ తదితరులు 1988లో ఈ అనుభవాన్ని ప్రచురించారు.

అసలు చిక్కు నమ్మకానిది. తొలినాటి సన్ పద్ధతిలో, అడిగే యంత్రం చెప్పిన వాడుకరి సంఖ్యనే సర్వర్ సాధారణంగా నమ్మేది. ఆండ్రూ రూపకర్తలు మాత్రం వాడుకరి యంత్రాన్ని నమ్మరాదన్న సూత్రంతోనే మొదలుపెట్టారు. బలమైన గుర్తింపు పద్ధతులను సన్ సంప్రదాయంలో తప్పనిసరి భాగం చేసినది 2000లో వెలువడిన నాలుగవ రూపం.

నేడు రేడియాలజిస్టు వేరే ఊరి స్కాన్‌ను తన తెర మీద తెరిచినప్పుడు వాడే సాంకేతికత వేరు కావచ్చు. ప్రశ్నలు మాత్రం అవే. ఇది తాజా ప్రతేనా? అడుగుతున్నది ఎవరు? తీగ తెగితే ఏమిటి గతి? దూరాన్ని కంటికి కనబడకుండా చేయవచ్చు, లెక్కలోంచి తీసివేయలేము.