వంటపుస్తకంలో మిగిలిన చరిత్ర

స్వతంత్ర భారతం యూదులను వెళ్లగొట్టలేదు. అయినా 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక వారిలో అత్యధికులు తరలిపోయారు. 2011 జనగణన నాటికి ఐదు వేల మంది కూడా లేరు. ఇల్లాళ్ల చేతుల్లో నిలిచిన వంట విద్యా వారితోనే వెళ్లింది.

మాంసంతో పాలు కలపరాదన్నది యూదు ధర్మనియమం. కొచ్చిన్, కొంకణ్ వంటిళ్లలో ఆ లోటును కొబ్బరిపాలు తీర్చాయి. కొంకణ్ ప్రాంతపు బెనె ఇజ్రాయెలీలు ఏలియా ప్రవక్త పేరిట అటుకులు, కొబ్బరి, పళ్లతో మలీదా సమర్పిస్తారు.

అహ్మదాబాద్ రచయిత్రి ఎస్తేర్ డేవిడ్ 2021లో వెలువరించిన 'బెనె అపెటీట్' భారతీయ యూదుల వంటలను గ్రంథస్థం చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన బెనె ఎఫ్రాయిములకూ చోటు దక్కింది.

జనగణన పట్టికలో 'ఇతర మతాలు' అన్న గడిలో కలిసిపోయే ఈ సమూహాలను పేరుపేరునా గుర్తుంచుకున్నది ఒక వంటపుస్తకం.