అక్షరానికి అందని మాటలు

మానవుడు మాటాడడం మొదలుపెట్టిన ఎన్నో వేల ఏండ్లకు గాని వ్రాయడం నేర్వలేదు. కనుక ధ్వని పెద్దది, అక్షరం చిన్నది. ఈ రెండింటికీ ఎప్పుడూ పొత్తు కుదిరి ఉంటుందని చెప్పడానికి వీలులేదు. అక్షరం మిగిలి ధ్వని పోయిన భాషలున్నవి. ధ్వని నిలిచి అక్షరం లేని భాషలూ ఉన్నవి. ఈ రెండు విధాలకూ తార్కాణాలు మన తూర్పు కనుమలలోనే దొరుకుతున్నవి.

శ్రీకాకుళం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతపు కొండలలో సవరలు నివసిస్తున్నారు. వారి భాష ద్రావిడ భాష కాదు, ఆర్యభాషా కాదు. అది ముండా శాఖకు చెందినది. ఉత్తరాన సంతాలీ దానికి జ్ఞాతి. దూరపు చుట్టరికం బర్మాలోని మోన్, కంబోడియాలోని ఖ్మేర్, వియత్నామీ భాషలతో కలదు. ఈ కుటుంబానికి ఆస్ట్రో-ఆసియాటిక్ అని పేరు.

ఈ భాషను శాస్త్రీయంగా పరిశీలించిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన 1863లో శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో చరిత్ర బోధించే ఉపాధ్యాయుడుగా ఉంటూ, సవరలు సంతలకు దిగివచ్చి మాటాడుకొనే భాష విని, దానిని నేర్వాలని సంకల్పించారు. నేర్చుకొనడానికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. భాష తెలిసినవారిని ఇంట పెట్టుకొని, మాట వెంట మాట అడిగి వ్రాసుకొన్నారు. కొండలలో తిరిగినందుకు మలేరియా పట్టింది. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నది. ధ్వనులను పట్టుకొనడమే పనిగా పెట్టుకొన్న మనిషి చెవినే అందుకు వెలగా చెల్లించవలసి వచ్చింది.

మొదటి చిక్కు అక్షరాలతోనే. సవర మాటలలో గొంతును చటుక్కున బిగించి విడిచే ధ్వని ఒకటి తరచు వస్తుంది. తెలుగు వర్ణమాలలో దానికి గుర్తు లేదు. 'ఇ'కీ 'ఉ'కీ నడుమ పలికే అచ్చుకూ లేదు. కనుక రామమూర్తి రోమను అక్షరాలకు ప్రత్యేక చిహ్నాలు చేర్చి వాడారు. అచ్చు దీర్ఘమైతే దాని పక్కన రెండు చుక్కలు పెట్టారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. రెండేండ్లకు, 1940లో ఆయన గతించారు.

రెండవ చిక్కు మాటల నిడివి. సవర భాషలో నామవాచకం ఒంటరిగా నిలవాలంటే దానికి కొంత బరువుండాలి. ఒక్క పొట్టి అక్షరంతో మాట నిలవదు. చేతికి మూలరూపం 'సి'. ఒంటరిగా పలికినప్పుడు నడుమ గొంతు బిగించి 'సి-ఇ' అంటారు. పులి 'కినా', కుక్క 'కిన్‌సోడ్'. అవే మరొక మాటలో కలిసినప్పుడు 'కిడ్', 'సోడ్' అని కుదించుకుపోతవి. 'ఞమ్' అంటే పట్టుట. 'ఞమ్‌కిడ్' అంటే పులిని పట్టుట. ఈ విధంగా పొట్టి రూపాలన్నీ క్రియ చుట్టూ చేరి, వాక్యమంతా ఒకే మాటగా ముద్దకడుతుంది. 'అజ్జదర్సిఅం' అనే మాటను విప్పి చూస్తే: 'అజ్' లేదనుటకు, 'జ' పుచ్చుకొనుటకు, 'దర్' అన్నానికి, 'సి' చేతికి, 'అం' నీకు. వెరసి 'నీ చేతి అన్నం పుచ్చుకోను' అని అర్థం. ఎవరి చేతి అన్నం తినవచ్చునో, తినరాదో అన్నది సామాన్య విషయం కాని సమాజంలో ఇంత పెద్ద మాట ఇంత చిన్న పలుకులో ఇమిడింది. నిఘంటువు వ్రాసేవానికి ఈ చిన్న రూపాలు తెలియకపోతే ఆ మాట అర్థమే కాదు.

1936వ సంవత్సరం సవరల చరిత్రలో గుర్తుంచుకోదగినది. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, పర్లాకిమిడి అందులో చేరింది. సవరల కొండలు రెండు రాష్ట్రాల మధ్య చీలినవి. ఆ ఏడే మంగై గొమాంగో అనే సవర పెద్ద తన జాతికి స్వంత లిపిని ప్రకటించాడు. దాని పేరు 'సోరంగ్ సొంపెంగ్'. అందులో 24 అక్షరాలు. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క దేవత పేరులోని తొలి ధ్వనిని చూపుతుంది. మన గుణింతం వంటి గుర్తులు అందులో లేవు. నేటి రాయగడ జిల్లాలోని మరిచిగుడ కొండపై ఆ అక్షరాలు పూజలందుకొంటున్నవి. 2012లో ఈ లిపికి యూనికోడ్ పట్టికలో చోటు లభించి, కంప్యూటరులో వ్రాయడానికి వీలు కలిగింది. ఆంధ్ర ప్రాంతంలో సవరను తెలుగు లిపిలోను, ఒడిశాలో ఒడియా లిపిలోను, క్రైస్తవ సవరలు రోమను లిపిలోను వ్రాస్తారు. ఈ విధంగా ఒక్క భాష నాలుగు లిపులలో పంచుకోబడింది. ఒక ఊరి సవర వ్రాసినది మరొక ఊరి సవర చదవలేకపోవచ్చు.

ఇక దక్షిణంగా అరకు లోయకు వస్తే ఇందుకు విరుద్ధమైన విచిత్రం కానవస్తుంది. తెలుగులో ర, ఱ అని రెండక్షరాలున్నవి. పూర్వం వీటి ఉచ్చారణ వేరు. నేడు చదువుకొన్నవారి నోటనైనా ఆ భేదం వినబడదు. 'ఱ' పుస్తకాలలో మాత్రమే మిగిలింది. అరకు ప్రాంతపు కొండదొరల భాష 'కొండ' లేక 'కూబి' తెలుగుకు చెల్లెలి వంటి ద్రావిడ భాష. భద్రిరాజు కృష్ణమూర్తి దానిని పరిశీలించి 1969లో గ్రంథం ప్రకటించారు. ఈ భాషలో ఆ ప్రాచీన ఱకార ధ్వని ర కన్న వేరుగా, కంపిస్తూ నేటికీ పలుకుతున్నది. అక్షరం ఉన్నవారు ధ్వనిని పోగొట్టుకొన్నారు; అక్షరం లేనివారు దానిని కాపాడారు.

ఈ విషయం కేవలం పండితుల వినోదం కాదు. బడిలో చేరిన కొండపిల్లవానికి తన నోటి ధ్వని పలకమీద కానరాకపోతే, చదువు పరాయిదై తోస్తుంది. రామమూర్తి సవర వాచకాలు వ్రాసి, సవర పిల్లలకు బడులు పెట్టింది ఇందుకే. 2004 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కూవి మొదలైన 8 గిరిజన భాషలలో తెలుగు లిపితో వాచకాలు తయారై, మాతృభాషలో చదువు చెప్పే ప్రయత్నం జరిగింది. లిపి ఏదైనా కావచ్చు. గొంతు బిగించి పలికే ఆ చిన్న ధ్వనికి కూడా అందులో ఒక గుర్తు ఉండాలి. అది లేనినాడు 'సి-ఇ' అనే మాట వ్రాతలో సగమే మిగులుతుంది; వ్రాతను చూచి నేర్చిన తరం నోట ఆ సగమే నిలుస్తుంది.