హీటరు కాయిలు

విశాఖ దగ్గర ఆనందపురం జంక్షన్‌లో హీటరు అంటే నీళ్లు కాచేదే. గది వెచ్చబెట్టే యంత్రాన్ని నా రిపేరు బల్ల మీదికి తెచ్చినవాళ్లు లేరు. చలి కావాలంటే ఘాటెక్కి చింతపల్లి, లంబసింగి పోవాలి. అక్కడా జనం నమ్ముకున్నది నెగడునే.

మా అమ్మ కాలంలో కాగు, కట్టెలు. కాస్త ఉన్నవాళ్లకి రాగి బాయిలరు: నడుమ గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. దానికి మాటు వేయడం కంచరి పని. పట్నంలో అంతకుముందే దీపాలున్నా, 1955లో డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ కేంద్రం మొదలయ్యాకే ఇటు కరెంటు ధారాళమైంది. మా పల్లెలకి స్తంభాలు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

నిక్రోమ్ తీగ లేకపోతే మా వృత్తే లేదు. నికెల్, క్రోమియం కలిపిన ఆ లోహానికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఎర్రగా కాలినా పెచ్చులూడదు. మట్టిపళ్లెం గాడిలో ఆ తీగ చుట్ట పెడితే కాయిల్ స్టవ్వు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో శంకుస్థాపన జరిగింది. పనులు ఊపందుకున్న ఎనభైల్లో గాజువాకలో పనివాళ్ల గదుల్లో అన్నమూ ఈ స్టవ్వు మీదే, స్నానం నీళ్లూ దాని మీదే. తెగితే ఎవరికి వాళ్లే కొసలు లాగి మెలేసేవారు. మెలేసినకొద్దీ తీగ పొట్టిదై, కరెంటు ఎక్కువ లాగి, మరోచోట తెగేది. చెబితే నవ్వేవారు. బోసి తీగ, తడి చేతులు... ఆ స్టవ్వు పోయినందుకు నాకేం బాధ లేదు.

తర్వాత వచ్చింది బకెట్లో ముంచే రాడ్డు. తీగ గొట్టంలోకి వెళ్లింది. చుట్టూ కూరిన మెగ్నీషియం ఆక్సైడు పొడి వేడిని వదులుతుంది, కరెంటుని వదలదు. పరీక్షకి సీరీస్ బల్బు చాలు. రెండు కొసలకీ తగిలిస్తే వెలగాలి; లేదంటే కాయిలు తెగినట్టే. ఒక కొసకీ గొట్టానికీ తగిలిస్తే వెలగకూడదు. మిణుకుమన్నా రాడ్డు పారేయాల్సిందే. నేను ముందు చూసేది మాత్రం ప్లగ్గు. 1500 వాట్ల రాడ్డు 6.5 ఆంపియర్లు లాగుతుంది. 5 ఆంపియర్ల సాకెట్లో పెడితే పిన్నులు మాడతాయి. రాడ్డు పట్టుకొస్తారు, రోగం గోడలో ఉంటుంది.

ఇప్పుడన్నీ గీజర్లు. థర్మోస్టాటు పోవడం తక్కువ. మా బోరు నీళ్ల సున్నం పెచ్చుకట్టి ఎలిమెంటు కాలిపోవడమే ఎక్కువ. ఎర్తు లేని ఇంట్లోనూ బిగించమంటారు. నేను బిగించను. పక్క కొట్టువాడు బిగిస్తాడు.