నల్లమల ఉత్తరపు అంచున వన్యప్రాణి దర్శనం: ఒక చరిత్ర

నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఉప్పునుంతల మండలం మైదానానికీ అడవికీ నడిమి నేల. దుందుభి వాగు పారే ఈ ప్రాంతమంతా ఎర్ర చెలకలు, చెరువులు, బండరాళ్ల గుట్టలు. దక్షిణాన అచ్చంపేట దాటితే నేల పైకి లేచి అమ్రాబాద్ పీఠభూమి అవుతుంది. అక్కడి నుంచి కృష్ణానది లోయ దాకా పరుచుకున్నది నల్లమల. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 1948కి ముందు హైదరాబాద్ సంస్థానంలో. ఈ అడవిలో మృగాన్ని చూడడమనే పని కాలంతోపాటు మారుతూ వచ్చింది. ఆహారం కోసం చూసినవారు, మొక్కు తీర్చుకోను నడుస్తూ చూసినవారు, తుపాకీ పట్టి చూసినవారు, శాస్త్రం కోసం చూసినవారు, కేవలం చూసే ఆనందం కోసం వచ్చినవారు ఒకరి తర్వాత ఒకరు ఈ దారుల్లో నడిచారు. వారిలో ఎక్కువమందికి తోవ చూపినవారు చెంచులు.

వసంతంలో అడవి

నల్లమలలో ఎక్కువ భాగం ఆకురాల్చే అడవి. నల్లమద్ది, తిరుమాను, ఏగిస, తునికి, ఇప్ప వంటి చెట్లు ఇక్కడ విరివిగా పెరుగుతాయి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలడంతో వానకాలమంతా పది గజాల దూరం కూడా కనిపించని పొదల్లో చూపు చాలా దూరం సాగుతుంది. మోదుగు పూసి కొమ్మలు ఎర్రబారతాయి. చైత్రం నాటికి వాగులు ఎండి, నీరు మడుగుల్లోనూ చెలిమల్లోనూ మాత్రమే మిగులుతుంది. దుప్పులు, కణుజులు, మనుబోతులు, అడవిపందులు ఆ కొద్ది నీటి చుట్టూ చేరతాయి. వాటి వెంట పులి, చిరుత, రేచుకుక్కలు వస్తాయి. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామునే ఎలుగుబంట్లు చెట్ల కిందికి చేరుకుంటాయి.

అందుకే వన్యప్రాణులను చూడడానికి ఇదే అదను. ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఈ కాలంలోనే. ఎలుగుబంటికి చూపు మందం. మనిషి హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. ఎండిన గడ్డికి ఒక్క నిప్పురవ్వ తగిలినా కార్చిచ్చు అంటుకుంటుంది.

చెంచుల చూపు

ఈ అడవిని అందరికంటే ముందు చదివినవారు చెంచులు. పెంటలని పిలిచే చిన్న చిన్న ఆవాసాల్లో ఉంటూ, దుంపలు, కాయలు, తేనె, వేట మాంసంతో బతికిన జాతి వారిది. అలాంటి బతుకులో మృగాన్ని గమనించడం రోజువారీ అవసరం. ఇసుకలో పడిన అడుగు ఎంతసేపటి కిందటిదో, చెట్టు బెరడు మీద గీతలు ఎవరి గోళ్లవో తెలియాలి. కొండెంగ కూత మారినా, కణుజు బిగ్గరగా అరిచినా దాపులో పులి గానీ చిరుత గానీ తిరుగుతోందని పోల్చుకోవాలి. పుస్తకాలకెక్కని ఈ విద్య తండ్రి వెంట నడిచిన పిల్లలకు నడకలోనే అబ్బేది.

దేవుడితోనూ వారిది ఇలాంటి దగ్గరితనమే. శ్రీశైలం మల్లన్న చెంచు ఆడబిడ్డను పెళ్లాడాడన్న కథ వారిలో తరతరాలుగా నిలిచి ఉంది. ఆ లెక్కన ఆయన వారికి అల్లుడు.

మొక్కుబడి నడకలు

బయటివారు ఈ అడవిలోకి కాలినడకన వచ్చింది ప్రధానంగా యాత్ర కోసం. శ్రీశైల క్షేత్రానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలని ప్రసిద్ధి. ఉమామహేశ్వరం అచ్చంపేట దగ్గరి కొండచరియలో ఉంది. మైదానం ఊళ్ల భక్తులకు నల్లమలలో అదే మొదటి మెట్టు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణాన్ని శ్రీశైలానికే కేటాయించి, శివరాత్రి యాత్రికుల కష్టాన్నీ భక్తినీ వర్ణించాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి దారిలో శ్రీశైలం దర్శించుకుని, ఆ ప్రయాణ వివరాలను కాశీయాత్ర చరిత్రలో రాసిపెట్టారు.

వసంతపు నడకగా ఈ ప్రాంతంలో అన్నిటికంటే పేరున్నది సలేశ్వరం జాతర. చైత్ర పౌర్ణమి వేళ భక్తులు లింగమయ్య దర్శనానికి లోతైన లోయలోకి దిగుతారు. అక్కడ నిండు ఎండాకాలంలోనూ జలపాతం దూకుతూ ఉంటుంది. వాహనాలు ఆగే చోటు నుంచి రాళ్లదారిలో కొన్ని కిలోమీటర్లు నడవాలి. పూజలు జరిపించేది చెంచులే. దారి పొడవునా వినిపించే పిట్టల కూతలు, కనిపించే అడుగుజాడలు కూడా ఆ యాత్రలో భాగమే.

వేట నుంచి సర్వే దాకా

నిజాం కాలంలో అమ్రాబాద్ పీఠభూమి పాలకుల వేటరంగం. మన్ననూరుకు ఎగువన, చల్లని గాలి వీచే ఫర్హాబాద్ కొండ మీద వేట విడిది ఉండేది. పులిని చూడడమంటే అప్పట్లో పులిని కొట్టడమే. మృగం జాడ పట్టడానికి, దాన్ని తుపాకీ ముందుకు తోలడానికి అడవి తెలిసిన స్థానికులే దిక్కయ్యారు.

1931-32లో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే కోసం పక్షిశాస్త్రవేత్త సలీం అలీ వచ్చారు. నిజాం ప్రభుత్వ సాయంతో జరిగిన ఆ సర్వేలో మన్ననూరు, ఫర్హాబాద్ కూడా ఉన్నాయి. ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933, 1934 సంవత్సరాల్లో వెలువడ్డాయి. ఆనాటి పద్ధతిలో పిట్టను కొట్టి చర్మాన్ని భద్రపరిచేవారు, కాబట్టి శాస్త్రం చేతిలోనూ తుపాకీ ఉండేది. అయితే లక్ష్యం వేరు. ఏ పిట్ట ఏ చెట్టు మీద, ఏ ఎత్తులో, ఏ నెలలో ఉంటుందో రాసిపెట్టడమే ఈ పనిలో ముఖ్యం. ఇక్కడి పక్షిజాతులను ఒక క్రమంలో నమోదు చేసిన తొలి గట్టి ప్రయత్నం ఇదే.

1940లో ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ ఇదే పీఠభూమి మీద చెంచుల మధ్య పరిశోధన చేశారు. వారి మీద ఆయన రాసిన పుస్తకం 1943లో వెలువడింది. చెంచుల బతుకు అడవి రుతువులతో ఎలా ముడిపడి ఉందో బయటి ప్రపంచానికి తెలిపిన గ్రంథం అది. వారి కోసం నిజాం ప్రభుత్వం ఒక ప్రత్యేక రిజర్వును కూడా ఏర్పాటు చేసింది.

చట్టం, లెక్కలు

స్వాతంత్ర్యం తర్వాతా పులివేట సాగింది. 1970లో దేశమంతటా దాన్ని నిషేధించారు. 1972 లెక్కల్లో దేశంలో 1,827 పులులే తేలాయి. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. కృష్ణకు ఇరువైపులా ఉన్న నల్లమలను 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించి, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు.

పులులను లెక్కించడానికి అప్పట్లో పాదముద్రలే ఆధారం. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధరి రూపొందించిన ఈ పద్ధతిలో నేల మీది జాడను అద్దం మీద గీసి, ప్లాస్టర్‌తో అచ్చు తీసేవారు. ఇది మూలంలో చెంచులకు ఎప్పటినుంచో తెలిసిన జాడల చదువే. తర్వాతి కాలంలో నల్లమల నక్సలైట్లకు స్థావరమైంది. 2000ల మధ్య దాకా అటవీ సిబ్బంది లోపలికి వెళ్లి గస్తీ తిరగడమే కష్టమైంది, లెక్కలు అంతకంటే కష్టమయ్యాయి.

రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు పూర్తిగా అంతరించాయని 2005లో బయటపడ్డాక దేశమంతా పద్ధతి మారింది. 2006లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది, కెమెరా ట్రాపులు వచ్చాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కూడా కుడివైపు చారలు ఎడమవైపు చారలతో కలవవు. అందువల్ల దారికి రెండు పక్కలా కెమెరాలు అమర్చి, ఫొటోల్లోని చారల ఆధారంగా ఒక్కొక్క పులినీ గుర్తిస్తారు. కెమెరాను ఏ మలుపులో కట్టాలో నిర్ణయించడానికి మాత్రం అడుగుజాడలు చదవగల మనిషి కావాలి. బేస్ క్యాంపుల్లో పనిచేసే చెంచు వాచర్ల విలువ అక్కడే తెలుస్తుంది.

రాష్ట్ర విభజన తర్వాత, 2015లో తెలంగాణ వైపు భాగం 2,611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. ఇందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతం. యురేనియం అన్వేషణ ప్రతిపాదనలపై ఈ ప్రాంతమంతా ఆందోళన చెలరేగగా, 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది.

నేటి నడక

ఇప్పుడు కోర్ అడవిలో ఒంటరిగా నడవడానికి అనుమతి లేదు. సందర్శకులు ఫర్హాబాద్ నుంచి అటవీశాఖ సఫారీ వాహనాల్లో వెళ్లాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు సందర్శన ఉండదు. హైదరాబాద్-శ్రీశైలం రహదారిలో అడవి గుండా సాగే భాగాన్ని రాత్రివేళ మూసివేస్తారు. సలేశ్వరం జాతరకూ కొన్ని రోజులే అనుమతిస్తారు. నీటి కోసం వచ్చే జంతువులు జనం అలికిడికి బెదిరి వెనుదిరిగితే, ఎండాకాలంలో వాటికి మరో ఆధారం దొరకడం కష్టం. నిప్పు భయం, ఎలుగుబంటి భయం సరేసరి. ఈ నిబంధనలు మృగానికీ మనిషికీ కూడా రక్షణ.

ఒంటరిగా నడిచి చూడాలనుకునే వారికి అడవి బయట ఉన్న నేల తక్కువదేమీ కాదు. ఉప్పునుంతల వంటి మండలాల్లో చెరువు కట్టలు, వాగు ఒడ్డులు, గుట్టల పాదాలు పొద్దుటిపూట నడకకు అనువైనవి. పాలపిట్ట, నెమలి, కౌజులు, తీతువులు, నీటికాకులు, కొంగలు, ముంగిస, ఉడుము వంటివి ఇలాంటి నేలల్లో బతికే జీవులే. మెల్లగా నడవడం, గాలివాటం చూసుకోవడం, మంచెల దగ్గరి రైతుల్నీ జీవాల కాపరుల్నీ అడిగి దారి తెలుసుకోవడం, చీకటి పడకముందే ఊరు చేరడం ఇక్కడ పాటించవలసిన పద్ధతులు. పంట చేలల్లో అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలు మనుషుల ప్రాణాలు కూడా తీస్తాయి, కనుక దారి విడిచి చేలలోకి దిగకూడదు.

నల్లమలలో చూపు మారిన తీరుకు ఆధారాలు అనేకం: యాత్రా కావ్యాలు, సర్వే పత్రాలు, పాదముద్రల అచ్చులు, కెమెరా చిత్రాలు. వీటి వెనుక నిలిచిన చెంచుల జ్ఞానం మాత్రం చాలావరకు నోటిమాటగానే మిగిలింది. కోర్ అడవిలోని పెంటల్లో ఇంకా నివసిస్తున్న పెద్దల నుంచి, వారి సమ్మతితో, వారి పేరనే ఆ జ్ఞానాన్ని నమోదు చేయడం ఈ ప్రాంత చరిత్రకు ఇప్పటికీ మిగిలి ఉన్న పని.