ఐర్లండునకు మరలివచ్చిన క్రీడాకారులు

ఐర్లండు దేశమున గేలిక్ ఫుట్‌బాల్ ఆడువారిలో ఎంతటి ప్రఖ్యాతుడైనను ఆటకు జీతము పుచ్చుకొనువాడు లేడు. డబ్లిను నగరములోని క్రోక్ పార్కున 80 వేలకు పైబడిన జనము కిక్కిరిసి చూచుచుండగా అఖిల ఐర్లండు తుదిపోటీ గెలిచి, సామ్ మగ్వయర్ కప్పును రెండుచేతుల నెత్తి చూపిన నాయకుడు సైతము, ఉత్సవములు ముగిసిన వెంటనే తన పాఠశాలకో, పొలమునకో, బ్యాంకు ఉద్యోగమునకో పోవలసినవాడే. 1884 నవంబరు 1వ తేదీన థర్లెస్ పట్టణములోని హేస్ హోటలులో మైకేల్ క్యూసాక్ మొదలగు కొందరు కూడి స్థాపించిన గేలిక్ క్రీడాసంఘము ఈ నియమమును నేటికిని విడువలేదు. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు: ఆటగాడు పుట్టిపెరిగిన పారిష్ (చర్చి పరిధిలోని ఊరు) ఏదియో ఆ ఊరి క్లబ్బుకే, తన కౌంటీ ఏదియో ఆ కౌంటీ జట్టుకే ఆడుట అక్కడి ఆచారము. ఆటగాని కొనుటయు లేదు, అమ్ముటయు లేదు. ఈ మూలసూత్రమును మనస్సున నిలుపుకొననివారికి, గత 40 ఏండ్లుగా ఐరిష్ యువకులు భూగోళము ఆవలివైపునకు పోయి, జీతము, కీర్తి, ఎండకాచు సముద్రతీరములు అన్నియు రుచిచూచి, వానిని వదలుకొని ఏల తిరిగి వచ్చుచున్నారో బోధపడుట కష్టము.

ఆస్ట్రేలియావారి ఆట పుట్టుక వేరు. 1858లో టామ్ విల్స్ అను క్రికెట్ ఆటగాడు, చలికాలమున క్రికెటర్ల దేహములు బిగువు సడలకుండ ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకొనుట మేలని పత్రికకు లేఖ వ్రాయగా, మరుసటి యేట మెల్బోర్నులో కొందరు చేరి నియమములు కూర్చిరి. తెలుగు పాఠకులు క్రికెట్ వార్తలలో తరచుగ వినెడి మెల్బోర్న్ క్రికెట్ మైదానమే ఆ ఆట తుదిపోటీలకును పేరుపొందిన రంగస్థలము. 1897లో విక్టోరియా లీగుగ మొదలైన పోటీలు 1990 నుండి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగు అను పేర జరుగుచున్నవి. రెండాటలకును పోలికలు లేకపోలేదు; రెండింటను బంతిని కాలితో తన్నవచ్చును, చేతితో పట్టవచ్చును, గాలిలోనికి ఎగిరి అందుకొనుట రెండింటను శోభాకరమైన విద్య. గేలిక్ ఆటలో జట్టునకు 15 మంది, బంతి గుండ్రము. ఆస్ట్రేలియా ఆటలో 18 మంది, బంతి కోడిగ్రుడ్డు ఆకారము. భేదమంతయు ఈ బంతిలోనే యున్నది. గేలిక్ ఆటగాడు పరుగెత్తుచు బంతిని కాలివ్రేళ్లపై జారవిడిచి, ఎగురదన్ని, మరల చేతికి దెచ్చుకొనును. ఆ అలవాటుతో మెల్బోర్నున దిగినవాడు, పరుగులో ప్రతి 15 మీటర్లకును నేలకు కొట్టి అందుకొనవలసిన కోలబంతిని, దాని మొన తగినంత వంపుతో ముందువైపు తాకిననే తప్ప అది చేతికి రాదని గ్రహించుటకు నెలల తరబడి ఒంటరిగ సాధన చేయవలసి వచ్చును. తన్నుటయు నంతే: మొన తిరిగిన తీరునుబట్టి బంతి బాణమువలె పోవును, లేదా ఎటో దొర్లిపోవును.

ఈ రెండు దేశముల క్రీడలకును పరిచయము కలిగినది 1967లో. అంపైరుగ పనిచేసి పిమ్మట రేడియో వ్యాఖ్యాతయైన హారీ బైట్జెల్ ఒక ఆస్ట్రేలియన్ జట్టును వెంటబెట్టుకొని ఐర్లండునకు వచ్చి, ఆ యేటి విజేతయైన మీత్ కౌంటీని వారి ఆటలోనే ఓడించెను. మరుసటి సంవత్సరము మీత్ జట్టు ఆస్ట్రేలియాలో పర్యటించెను. ఇవి స్నేహపూర్వకములైన రాకపోకలు. వీనివలన ఎవ్వరికిని ఇల్లు విడువవలసిన అవసరము కలుగలేదు.

ఇల్లు విడిపించినవాడు రాన్ బరాసీ. 1981లో మెల్బోర్న్ క్లబ్బు శిక్షకుడుగ వచ్చిన ఈయన, విక్టోరియాలో ఆటగాళ్లను ప్రాంతములవారీగ క్లబ్బులకు పంచియుంచిన ఆ దినములలో, ఎవరి వాటాలోను చేరని పొడవైన చురుకైన యువకులు ఐర్లండునందు కొల్లలుగ కలరని కనిపెట్టి, అక్కడి పత్రికలలో ప్రకటనలు వేయించెను. దీనికి ఆస్ట్రేలియావారు "ఐరిష్ ప్రయోగము" అని పేరు పెట్టిరి. ప్రయోగమునకు లోనైనవారు మనుష్యులు గదా యని ఆనాడు తలచినవారు తక్కువ. ప్రకటన చూచి వ్రాసినవారిలో 1984లో డబ్లిను బాలుర జట్టున గెలిచిన జిమ్ స్టైన్స్ యొకడు. రాస్‌కామన్ కౌంటీ యువకుడు పాల్ ఎర్లీ ఆ సంవత్సరమే మెల్బోర్న్ పక్షమున ఒకే ఒక్క ఆట ఆడి, ఇల్లు చేరి, మరుసటి యేడు ఐర్లండు ఉత్తమ క్రీడాకారుల పట్టికలో స్థానము పొందెను. మరలివచ్చినవారి చరిత్రకు నాంది యిదియే. అక్కడ పనికిరాడనిపించుకొన్నవాడు ఇక్కడ ఏడాది తిరుగకుండ మేటియగుట, ఓటమి యన్నదానికి రెండు దేశములలో రెండు కొలతలు కలవని మొదటిసారి తెలిపినది.

స్టైన్స్ సోదరుల కథ యీ వ్యాసమునకు నడుమ నిలువవలసినది. అన్న జిమ్ 1987లో తుదిపోటీకి ముందటి ఆటలో, ముగింపు గంట మ్రోగనున్న వేళ ప్రత్యర్థి గురిచూచుచుండగా అడ్డముగ పరుగెత్తి 15 మీటర్ల దండనకు కారకుడై, ఆ తన్నుతో తన జట్టు ఓడిపోవుట కన్నులార చూచెను. అతడు ఇంటికి పోయియుండినచో తప్పుపట్టువారు లేరు. కాని నిలిచెను, 1991లో లీగు ఉత్తమ క్రీడాకారునికిచ్చు బ్రౌన్‌లో పతకము గెలిచెను, ఎడతెగక 244 ఆటలాడి, మొత్తము 264 పూర్తిచేసి, యువజనసేవకై రీచ్ సంస్థను స్థాపించి, ఆ క్లబ్బునకే అధ్యక్షుడై, 2012లో మెల్బోర్నుననే కన్నుమూసెను. తమ్ముడు బ్రయన్ 1992లో ఆ క్లబ్బుకే రెండాటలాడి డబ్లినుకు తిరిగి వచ్చెను. 1995లో డబ్లిను అఖిల ఐర్లండు పోటీ గెలిచినపుడు నడిమైదానమున నిలిచినవాడతడే. ఆ నగరమునకు మరల అట్టి విజయము 16 ఏండ్లకుగాని సిద్ధింపలేదు. అన్నకు ఆస్ట్రేలియాలో దొరకిన గౌరవమునకు సరితూగునది తమ్మునికి దొరకలేదని పలువురందురు. నేనట్లు తలపను. ఒక ఊరివారందరును పేరుపెట్టి పిలుచుచుండ గెలుచుట, అపరిచితుల నడుమ పతకమందుట, వీనిని ఒకే త్రాసున తూచుటయే పొరపాటు.

డెర్రీ కౌంటీ మాట ఇట్టిదే. ఆస్ట్రేలియాలోని సెయింట్ కిల్డా క్లబ్బు పక్షమున 1990లో మూడాటలాడిన డెర్మట్ మెక్‌నికొల్, మెల్బోర్నున సాధనచేసి ప్రధాన జట్టున ఒక్క ఆటయు ఆడక వచ్చిన ఆంథొనీ టోహిల్, ఇరువురును 1993లో డెర్రీ తన చరిత్రలో మొట్టమొదటి అఖిల ఐర్లండు విజయము గడించిన జట్టులోనివారు. వృత్తిక్రీడాకారుల దేహశిక్షణ, నిద్రాహారముల క్రమము, ప్రతిదినమును ఆటకే అంకితము చేయు పట్టుదల, వీరు వెంట తెచ్చిన సొత్తు ఇదియే.

అయినను మరలివచ్చుట యనగ ఏమో లోకమునకు చాటినవాడు టైగ్ కెనెలీ. కెర్రీ కౌంటీలోని లిస్టోవెల్ అతని ఊరు. తండ్రి టిమ్ 1979లో కెర్రీ నాయకుడుగ కప్పు నందుకొని, మొత్తము ఐదు పర్యాయములు గెలిచినవాడు. అన్న నోయెల్ 2000లో గెలిచినవాడు. ఇట్టి వంశమున పుట్టిన కుర్రవాడు 18 ఏండ్ల ప్రాయమున సిడ్నీ స్వాన్స్ క్లబ్బునకు పోయి, 2005లో ఆ క్లబ్బు 72 ఏండ్ల నిరీక్షణానంతరము కేవలము 4 పాయింట్ల తేడాతో విజేత కాగా, పతకము మెడలో పడిన క్షణమున వేదికపై ఐరిష్ జానపద నృత్యము జిగ్ ఆడెను. లీగు విజేతయైన మొదటి ఐర్లండువాడతడు. ఆ డిసెంబరులోనే తండ్రి మరణించెను. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనను సామెతను తలక్రిందులు చేసి రచ్చ గెలిచినవానికి ఇల్లు మిగిలియుండెను. 2009లో ఒప్పందమునుండి విడుదల పొంది, జీతము వదలుకొని ఇల్లుచేరి, గుండ్రబంతిని మరల నేర్చుకొని, సెప్టెంబరులో కార్క్ జట్టుపై కెర్రీ గెలిచిన తుదిపోటీలో ఆడి, క్రోక్ పార్కునను జిగ్ ఆడెను. మరుసటి యేట సిడ్నీకి పోయి 2011 వరకు ఆడి 197 ఆటలతో విరమించెను. అనగా ఇతని పునరాగమనము స్థిరవాసము కాదు. పితృఋణము తీర్చుకొనుటకై వచ్చిన యాత్ర. అదే కెర్రీ జట్టున అదే పతకమందిన టామీ వాల్ష్ ఆ వెంటనే సెయింట్ కిల్డాకు పయనమై, తొడవెనుక కండరపు గాయముతో బాధపడి, 2014లో తిరిగివచ్చుట గమనింపదగినది. ఒకే గదిలో కూర్చున్న ఇరువురిలో ఒకడు దక్షిణమునుండి వచ్చినవాడు, ఒకడు పోనున్నవాడు.

కిల్‌కీల్ వాస్తవ్యుడు మార్టిన్ క్లార్క్ ఆస్ట్రేలియా లీగులోని కాలింగ్‌వుడ్ జట్టులో కుదురుకొన్న తరువాత 2009లో డౌన్ కౌంటీకి వచ్చెను. అంతకుముందు ఆడిన ఐదు తుదిపోటీలలోను ఓటమియెరుగని డౌన్, 2010లో కార్క్ చేతిలో ఒకే పాయింటుతో ఓడెను గాని, దానిని అంతదూరము నడిపినది క్లార్క్ కాలినుండి వెడలిన బంతులే. తరువాత కాలింగ్‌వుడ్డుకు మరల పోయెను. అడిసన్ వ్యాధి కలుగగా మరల వచ్చెను. ఇట్లు పోవుట, వచ్చుట, తిరిగి పోవుట సామాన్యమగుసరికి ఐర్లండున ఒక ఆక్రోశము బయలుదేరెను: మేము పదేండ్లు పెంచిన బిడ్డలను కానీ చెల్లింపక కొనిపోవుచున్నారని. ఈ ఫిర్యాదున న్యాయము లేకపోలేదు. జనసంఖ్య స్వల్పమైన లాంగ్‌ఫర్డ్, కార్లో వంటి కౌంటీలనుండి ఒక్క యువకుడు పోయినను జట్టు వెన్ను విరుగును. కాని గేలిక్ క్రీడాసంఘము ఎవ్వరిని అమ్మదు గనుకనే, పోయినవాని స్థానము మరియొకనికి వ్రాసి ఇయ్యబడదు. అతడెప్పుడు వచ్చినను తన ఊరి రంగుల చొక్కా తనదే. జీతమిచ్చి కొనిన క్లబ్బు రెండేండ్లకు సాగనంపగలదు. పారిష్‌కు ఆ అధికారము లేదు. పేరు పొందక వచ్చినవారే అధికసంఖ్యాకులు, వారికి ఈ భద్రతయే ఆధారము.

కోవిడ్ కాలము మరియొక అధ్యాయము. ఎసెండన్ క్లబ్బున 79 ఆటలాడిన కానర్ మెక్‌కెన్నాకు 2020 జూనులో వ్యాధిపరీక్ష ఫలితముచే ఒక ఆట వాయిదాపడి, పత్రికలన్నియు అతని తరుముకొనగా, బెంగ ముదిరి సెప్టెంబరులో టైరోన్ కౌంటీలోని ఎగ్లిష్ గ్రామము చేరెను. మరుసటి యేడు కెర్రీపై అదనపు సమయము వరకు సాగిన సెమీఫైనలులో రెండు గోల్సు కొట్టి, తుదిపోటీలో మేయోను ఓడించి విజేతయయ్యెను. ఆ తరువాత బ్రిస్బేన్ లయన్స్ పిలువగా మరల పోయెను. హాథార్న్ క్లబ్బున 21 ఆటలాడిన కానర్ గ్లాస్ మాత్రము 2020 చివర డెర్రీకి వచ్చి నిలిచిపోయెను. 1998 తరువాత డెర్రీకి దక్కని అల్‌స్టర్ ప్రాంతపు పోటీ విజయము 2022లో దక్కెను. 2024 జనవరిలో అతని సొంత క్లబ్బు గ్లెన్ అఖిల ఐర్లండు క్లబ్బుల పోటీ గెలిచెను. అందరును వచ్చిరని కాదు. గీలాంగ్ పక్షమున 2022లో కెర్రీవాడు మార్క్ ఓకానరుతో కలిసి విజేతయైన లీష్ కౌంటీవాడు జాక్ టూహీ 288 ఆటలాడి స్టైన్స్ లెక్కను దాటి అక్కడనే ఆట ముగించెను.

ఇంతవరకు చెప్పినది పురుషుల చరిత్ర. 2017లో స్త్రీల లీగు ప్రారంభమైన పిమ్మట ఈ పునరాగమనమునకు స్వరూపమే మారినది. మేయో క్రీడాకారిణి కోరా స్టాంటన్ 36 ఏండ్ల వయస్సున 2018లో సిడ్నీలోని జయంట్స్ క్లబ్బునకు పోగా, 2019లో క్లేర్ కౌంటీకి చెందిన ఐలిష్ కాన్సిడైన్ అడిలైడ్ పక్షమున, 2021లో టిపరేరీకి చెందిన ఓర్లా ఓడ్వయర్ బ్రిస్బేన్ పక్షమున విజేతలైరి. ఆ లీగు ఋతువు కొద్ది వారములే గనుక, సంవత్సరాదిన ఆస్ట్రేలియాలో ఆడి వేసవికి కౌంటీ చేరుట వారికి సాధ్యమయ్యెను; పురుషులవలె ఇంటికో లీగుకో ఒకదానికి తిలోదకములీయ నక్కరలేకపోయెను. 2022లో లీగువారు తమ పోటీలను ఆగస్టునకు మార్చిరి. జులై 31న మీత్ పక్షమున వరుసగ రెండవ యేడు అఖిల ఐర్లండు కప్పు గెలిచిన విక్కీ వాల్, ఆగస్టు చివర మొదలైన ఆ ఋతువున నార్త్ మెల్బోర్న్ చొక్కా తొడిగెను. కౌంటీ ఆటలు అప్పటికి ముగియును గనుక కౌంటీకి లోటు తగ్గినది; శరత్కాలమున ఆడెడి ఊరి క్లబ్బు పోటీలకు మాత్రము ఈ క్రీడాకారిణులు అందుట లేదు, ఆ లోటు ఇప్పుడు పారిష్‌పై బడినది.