నీటినుంచి వెలికితీసిన యుద్ధవిమానాలు – సంరక్షణ సమస్యలు: డోర్నియర్ 17 ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

రెండవ ప్రపంచయుద్ధంలో నీటిపాలైన విమానాలు నేడు చరిత్రరచనకు భౌతికాధారాలుగా ఉపకరిస్తున్నాయి. అయితే నీటినుంచి పైకి తీసినంత మాత్రాన ఆ ఆధారం భద్రమైనట్లు కాదు. నీటి అడుగున దశాబ్దాలపాటు నిలిచిన లోహం గాలి సోకగానే వేగంగా క్షీణించవచ్చు. జర్మన్ బాంబరు విమానం డోర్నియర్ 17 ఆధారంగా ఈ సమస్యను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పతనం, వెలికితీత

బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం గుర్తింపు ప్రకారం ఈ విమానం 1940 ఆగస్టు 26న జరిగిన దాడిలో దెబ్బతిని, కెంట్ తీరానికి చేరువలోని గుడ్విన్ ఇసుకమేటల వద్ద సముద్రంలో దిగింది. నలుగురు సిబ్బందిలో ఇద్దరు మరణించారు, ఇద్దరు బందీలయ్యారు. సుమారు 15 మీటర్ల లోతున తలక్రిందులుగా పడి ఉన్న ఈ శకలాన్ని 2008లో గుర్తించారు. విమానం చుట్టూ లోహపు చట్రం నిర్మించి ఎత్తాలన్నది తొలి ప్రణాళిక. ప్రతికూల వాతావరణం వల్ల దానిని విడిచి, విమానంలో దృఢమైన భాగాలకే తాళ్లు బిగించి 2013 జూన్ 10న పైకి తీశారు. ఈ రకం విమానాలలో దాదాపు పూర్తి రూపంలో మిగిలినదిగా తెలిసినది ఇదొక్కటే.

3. సంరక్షణ విధానం

అల్యూమినియం మిశ్రమలోహంలోకి చొచ్చుకుపోయిన క్లోరైడ్ లవణాలే క్షయానికి ప్రధాన కారణం. ఉక్కు భాగాలు అల్యూమినియానికి తగిలి ఉన్నచోట ఉప్పునీటిలో విద్యుత్ రసాయన చర్య జరిగి అల్యూమినియం మరింత త్వరగా తినివేయబడుతుంది. లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకుల సహకారంతో రూపొందిన విధానం ప్రకారం, కాస్‌ఫర్డ్‌లో ప్రత్యేకంగా నిర్మించిన గుడారాలలో విమాన భాగాలపై పలుచని సిట్రిక్ ఆమ్ల ద్రావణాన్ని నెలల తరబడి చిమ్మారు. అది లవణాలను, సముద్రజీవుల పెంకులను తొలగిస్తుంది. ఆమ్లత ఎక్కువైతే లోహమే కరుగుతుంది గనుక ద్రావణాన్ని నియంత్రిత స్థాయిలో ఉంచవలసి వచ్చింది.

4. సంరక్షణ, పునర్నిర్మాణం

నార్వే సరస్సులనుంచి తీసిన రెండు హాలిఫాక్స్ బాంబర్ల చరిత్ర ఇక్కడ పోల్చదగినది. 1973లో హోక్లింగెన్ సరస్సునుంచి తీసిన విమానాన్ని లండన్‌లోని హెండన్‌లో చాలావరకు దొరికిన స్థితిలోనే ప్రదర్శిస్తున్నారు. 1995లో మ్యోసా సరస్సునుంచి తీసిన విమానాన్ని కెనడాలోని ట్రెంటన్‌లో పూర్తిగా పునర్నిర్మించారు. రెండవది విమానం నిర్మాణకాలపు రూపాన్ని చూపుతుంది; మొదటిది దానికి యుద్ధంలో ఏమి జరిగిందో చెబుతుంది. పునర్నిర్మాణంలో కొత్త భాగాలు చేరేకొద్దీ పాతవాటి సాక్ష్యం మరుగున పడుతుంది. డోర్నియర్ విషయంలో పునర్నిర్మాణం కాక సంరక్షణే లక్ష్యమైంది. సముద్రాన్ని తాకినప్పుడు దెబ్బతిన్న ప్రొపెల్లర్లను సరిచేస్తే విమానం పతనమైన క్షణానికి మిగిలిన సాక్ష్యమే చెరిగిపోతుంది.

5. ముగింపు

వెలికితీత ఒకనాటి కార్యం. సంరక్షణ ఏళ్లతరబడి సాగే బాధ్యత. నీటి అడుగున ఉంచినా క్షయం తప్పదు, పైకి తీసినా తప్పదు. కాబట్టి ప్రయోగశాల, నిధులు, ప్రదర్శన విధానం ముందుగా నిర్ణయమైన తరువాతనే శకలాన్ని కదిలించడం సమంజసం. ఇద్దరు యువకుల మరణంతో ముడిపడిన వస్తువు విషయంలో ఈ జాగ్రత్త సాంకేతిక అవసరం మాత్రమే కాదు, నైతిక బాధ్యత కూడా.